డిస్టిలరీలో షిఫ్టు బాధ్యత: ప్లాంటు ఆగినప్పుడు, మళ్లీ మొదలైనప్పుడు ఏం చేయాలి

నిజామాబాద్, నిర్మల్ జిల్లాల నుంచి సరిహద్దు దాటి నాందేడ్ జిల్లా డిస్టిలరీల్లో చేరినవారికి, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరుల్లోనే పుట్టి పెరిగి ఇప్పుడు షిఫ్టు ఇన్‌ఛార్జి కుర్చీలో కూర్చున్న తెలుగువారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ప్లాంటు సాఫీగా నడుస్తున్నంత సేపు ఆ కుర్చీలో పెద్ద కష్టమేమీ లేదు. గంటకోసారి రీడింగులు రాసుకుంటూ, టీ తాగుతూ షిఫ్టు గడిపేయవచ్చు. కాలమ్ (స్పిరిట్‌ను మరిగించి వేరుచేసే పొడవాటి స్తంభం) ఆగిన రోజు, ఫర్మెంటర్ (ధాన్యపు పిండిని పులియబెట్టే పెద్ద ట్యాంకు) కడిగే రోజు, వెల్డర్ వచ్చిన రోజు, ట్యాంకర్లు గేటు దగ్గర బారులు తీరిన రోజు మాత్రం కుర్చీ వదిలి లేవాలి. ప్రమాదాలు వచ్చేది ఆ రోజుల్లోనే. అందుకే ఈ వ్యాసంలో యంత్రాలు ఎలా నడపాలన్నది తక్కువ, అవి ఆగి మళ్లీ కదిలే మధ్యకాలంలో ఏం చేయాలన్నది ఎక్కువ.

మన దేశంలో విస్కీగా అమ్ముడయ్యే దాంట్లో ఎక్కువ భాగం కాలమ్‌లలో తీసిన స్పిరిట్‌కు కొంత మాల్ట్ స్పిరిట్ కలిపి చేసినదే. అందువల్ల ఇక్కడి ప్లాంటు అంటే ధాన్యం గోదాము, మిల్లు, ఫర్మెంటర్లు, పొడవాటి కాలమ్‌లు, స్పిరిట్ ట్యాంకులు, వాటి వెనుక స్పెంట్ వాష్ (స్పిరిట్ తీశాక మిగిలే మురుగు ద్రవం). కొన్నిచోట్ల రాగి పాట్ స్టిల్ (ఒక్కో విడతగా కాచే పాత్ర), పీపాల గోదాము కూడా ఉంటాయి. సీసాలో నింపే 42.8 శాతం ఆల్కహాల్ సరుకు వీటన్నిటిలోకీ నెమ్మదైనది. మీరు కాపలా కాసేది 96 శాతం స్పిరిట్‌కు.

మొదటి పని: కాగితం పట్టుకుని ప్లాంటంతా నడవండి

చేరిన మొదటి వారంలోనే ఒక పగలు, ఒక రాత్రి ప్లాంటు మొత్తం నడవండి. ధాన్యం లారీ తూకం వేసే చోట మొదలుపెట్టి, ట్యాంకర్ బయటికి వెళ్లే గేటు దగ్గర ఆపండి. ప్రతి చోటా నాలుగే ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ దుమ్ము లేస్తుందా? స్పిరిట్ ఆవిరి రాగలదా? మనిషి ఊపిరి ఆపే వాయువు ఏదైనా పోగవుతుందా? నిప్పు ఎక్కడి నుంచి రావచ్చు? ఆ జవాబులతో మీ చేత్తో గీసుకున్న ప్లాంటు పటం, ఆఫీసు గోడకు ఫ్రేము కట్టించి వేలాడదీసిన పటం కంటే ఎక్కువ పనికొస్తుంది. గోడ మీది దానిలో, నిరుడు కొత్తగా వేసిన పైపు ఉండదు.

నడిచేటప్పుడు కొన్ని అంకెలు తలలో ఉంచుకోండి. స్వచ్ఛమైన ఇథనాల్ (స్పిరిట్‌లోని ఆల్కహాల్) ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస వేడి, సుమారు 13 డిగ్రీల సెల్సియస్. 40 శాతం స్పిరిట్‌కు అది 26 దగ్గర, 20 శాతానికి 36 దగ్గర ఉంటుంది. నాందేడ్‌లో మే నెల మధ్యాహ్నం ఎండ 40 దాటడం మామూలే. అంటే కాలువలో నీళ్లతో కలిసి పారుతున్న పలచటి స్పిరిట్ కూడా ఆ వేళ నిప్పు తగిలితే అంటుకోగలదు. "నీళ్లు కలిశాయి, ఇంకేం భయం లేదు" అనే మాట మీ షిఫ్టులో ఎవరి నోటా రాకూడదు.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. గాలిలో ఇథనాల్ ఆవిరి 3.3 శాతం నుంచి 19 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. పెట్రోలు ట్యాంకు లోపలి ఖాళీలో ఆవిరి మామూలుగా మరీ చిక్కగా ఉండి, మండే హద్దును దాటిపోయి ఉంటుంది. ఇథనాల్ అలా కాదు. సుమారు 13 నుంచి 40 డిగ్రీల మధ్య, అంటే మన వాతావరణంలో ఏడాదిలో దాదాపు ప్రతి రోజూ, ట్యాంకు పైభాగంలోని గాలి సరిగ్గా పేలే పాళ్లలోనే ఉంటుంది. స్పిరిట్ ట్యాంకు మూత దగ్గర నిప్పురవ్వ విషయంలో పెట్రోలు బంకు అనుభవం మీద ఆధారపడవద్దు. ఇక్కడ ఇంకా కఠినంగా ఉండాలి.

ఆవిరి గాలి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా బరువు కాబట్టి కిందికి దిగుతుంది. పంపు గుంటలు, కేబుల్ కాలువలు, మెట్ల కింద గదులు పటంలో ఎర్ర రంగుతో గుర్తుపెట్టండి.

ధాన్యం దగ్గర

జొన్న, మొక్కజొన్న, నూకలు ఏవైనా మిల్లులో పడితే పిండి దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ము పేలుతుంది. మొదటి పేలుడు ఎలివేటర్‌లోనో మిల్లులోనో చిన్నదిగానే జరగవచ్చు. అది దూలాల మీద, కేబుల్ ట్రేల మీద పేరుకున్న దుమ్మును ఒక్కసారిగా లేపితే వచ్చే రెండో పేలుడే షెడ్డును కూల్చేది. కాబట్టి నేల ఊడ్చారా అని చూసి ఊరుకోకండి, తల పైకెత్తి చూడండి. దూలం మీద వేలితో గీత గీస్తే కింది రంగు కనబడనంత దుమ్ము ఉంటే ఆ రోజు మిల్లు ఆపి శుభ్రం చేయించాల్సిందే. కంప్రెసర్ గాలితో ఊదవద్దు, దానితో దుమ్ము మేఘాన్ని మనమే తయారు చేసినట్టవుతుంది. దుమ్ము ఉన్న చోట వాడటానికి అనుమతి ఉన్న వాక్యూమ్‌తో పీల్చాలి.

మిల్లు ముందున్న అయస్కాంతం రోజూ తీసి తుడవాలి. ఎలివేటర్ బెల్టు పక్కకు జరిగినా, వేగం తగ్గినా ఆపే సెన్సర్లు పని చేస్తున్నాయో లేదో వారానికోసారి పరీక్షించాలి. బేరింగులు వేడెక్కుతున్నాయా అన్నది చేతితో కాదు, థర్మామీటర్‌తో చూడాలి.

ఇక్కడ ఒక అలవాటు గురించి హెచ్చరించాలి. మొక్కజొన్న ధర పెరిగితే కొనుగోలు విభాగం నూకలకు మారుతుంది, నూకలు దొరకకపోతే పాడైన జొన్నలకు మారుతుంది. షిఫ్టుకు ఆ సంగతి లారీ వచ్చాకే తెలుస్తుంది. ధాన్యం మారితే దుమ్ము మారుతుంది, ఫర్మెంటర్‌లో నురుగు మారుతుంది, పైపుల్లో చిక్కదనం మారుతుంది. ధాన్యం మార్పును కూడా ప్లాంటులో జరిగిన మార్పుగానే లెక్కించి, మొదటి బ్యాచ్‌కు ఒకరోజు ముందే మీకు రాతపూర్వకంగా తెలియజేయాలని పట్టుబట్టండి.

ఫర్మెంటర్ కడిగే రోజు

ఈ భాగం నిదానంగా చదవండి. ఫర్మెంటేషన్‌లో 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. తయారైన స్పిరిట్‌తో దాదాపు సమానమైన బరువున్న వాయువు అన్నమాట. అది గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. వాష్ (పులిసిన ద్రవం) అంతా పంపు చేసేశాక ఫర్మెంటర్ ఖాళీగా కనబడుతుంది కానీ ఖాళీ కాదు. అడుగున మిగిలిన మడ్డిలో ఈస్ట్ ఇంకా పని చేస్తూనే ఉంటుంది.

మీ దగ్గర ఆక్సిజన్ మీటర్ ఉందని ధైర్యంగా ఉంటారేమో, ఒక లెక్క చూడండి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. చాలా మీటర్లు 19.5కు పడిపోతే మోగుతాయి. కార్బన్ డయాక్సైడ్ చేరి ఆక్సిజన్‌ను 19.5కు దించాలంటే అది 6.7 శాతం దాకా ఉండాలి. కానీ 4 శాతం, అంటే 40,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో 40,000) దగ్గరే మనిషి ప్రాణానికి తక్షణ ప్రమాదం. 4 శాతం ఉన్నప్పుడు ఆక్సిజన్ మీటర్ 20 చూపిస్తూ, మౌనంగా, పచ్చదీపంతో ఉంటుంది. కాబట్టి ఫర్మెంటేషన్ హాలులో కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా కొలిచే మీటరే కావాలి. ఎనిమిది గంటల పనికి హద్దు 5,000 పీపీఎం. మీటర్ కొనడానికి మేనేజరు వెనకాడితే పై లెక్క కాగితం మీద వేసి ఆయన బల్ల మీద పెట్టండి.

ఊళ్లో పాడుబడిన బావిలోకి దిగేముందు దీపం దించి చూడటం పెద్దలకు తెలిసిన పద్ధతి. ఇక్కడ అలా చేయాలని ఎవరైనా పెద్ద మేస్త్రీ చెబితే వినవద్దు. మనిషి స్పృహ తప్పే పాళ్లలో కూడా దీపం వెలుగుతూనే ఉండవచ్చు. పైగా డిస్టిలరీలోకి దీపం తేవడమంటేనే ఇంకో ప్రమాదాన్ని చేజేతులా తెచ్చుకోవడం.

మనిషి లోపలికి దిగక తప్పదనుకుంటే వరుస ఇది. ముందు అసలు దిగాల్సిన అవసరం ఉందా అని అడగండి. చాలా ఫర్మెంటర్లను స్ప్రే బాల్‌తో (లోపల అన్ని వైపులా నీళ్లు చిమ్మే గుండుతో) బయటి నుంచే కడగవచ్చు, అలవాటు కొద్దీ మనిషిని దించుతారు. దిగాల్సిందే అయితే వాష్ లైను, స్టీమ్ లైను, పక్క ఫర్మెంటర్‌తో కలిసిన వాయువు లైను అన్నిటికీ బ్లైండ్ ప్లేటు (పైపును పూర్తిగా మూసే ఇనుప బిళ్ల) వేయించండి. వాల్వు మూయడం చాలదు, వాల్వు కారుతుంది. కదిపే యంత్రం ఉంటే దాని కరెంటు తీసి, తాళం వేసి, తాళంచెవి దిగే మనిషి జేబులోనే ఉంచండి. బ్లోయరు గొట్టాన్ని అడుగుదాకా దించి బయటి మంచి గాలిని లోపలికి కొట్టండి. ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి వదిలే పని ఎప్పుడూ చేయవద్దు, ఆక్సిజన్ ఎక్కువైన చోట బట్టలు కూడా భగ్గున మండుతాయి. ఆ తర్వాత మీటరును తాడుకు కట్టి పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా కొలవండి. మనిషి లోపల ఉన్నంత సేపూ కొలుస్తూనే ఉండాలి.

బయట ఒక మనిషి ఉండాలి. అతనికి ఇంకే పనీ చెప్పకూడదు. టీ తేవడానికి కూడా పంపకూడదు. దిగినవాడి నడుముకు కట్టిన తాడు రెండో కొస అతని చేతిలో ఉండాలి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ఈ సంగతులన్నీ ఎప్పుడో చెప్పింది: అర్హత ఉన్న వ్యక్తి పరీక్షించి రాసిచ్చిన ధ్రువపత్రం ఉండాలి, లేదా శ్వాస పరికరం, బెల్టు, తాడు ఉండాలి. లోపలికి తీసుకెళ్లే దీపం 24 వోల్టులు దాటరాదని, మండే ఆవిరి ఉండే చోటైతే అది ఫ్లేమ్‌ప్రూఫ్ (లోపలి మంట బయటికి రానిది) అయి ఉండాలని అదే చట్టం 36ఏ సెక్షన్ చెప్పింది.

బయట నిలబడిన మనిషికి ముందే పదేపదే చెప్పాల్సింది ఒకటుంది. లోపలివాడు పడిపోతే వెంట దూకవద్దు. తాడు లాగు, అలారం కొట్టు, బయటే ఉండు. ఇలాంటి చోట్ల కాపాడబోయినవారు కూడా చాలామంది చనిపోతుంటారు. దిగినవాడు సొంత తమ్ముడైతే ఆ ఆజ్ఞ నిలబడదు. మన సరిహద్దు ఊళ్ల నుంచి ఒకే ఇంటివాళ్లు ఇద్దరు ముగ్గురు ఒకే కాంట్రాక్టరు కింద రావడం మామూలు. అందుకే అన్నదమ్ములను, తండ్రీకొడుకులను ఒకే ఫర్మెంటర్ పనికి లోపల ఒకరు, బయట ఒకరుగా పెట్టవద్దు. ఏ చట్టంలోనూ లేని నియమమిది, అయినా పాటించండి.

ఇంకో చిక్కు. గాలి ఆడించకుండానే కాస్టిక్ సోడాతో కడిగితే, కాస్టిక్ ద్రావణం లోపలి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసుకుంటుంది. లోపల శూన్యం ఏర్పడి ట్యాంకు గోడలు లోపలికి నొక్కుకుపోతాయి. వేడినీళ్లతో కడిగి వెంటనే మూతపెట్టి చన్నీళ్లు కొట్టినా అంతే. మూత తెరిచి, గాలి ఆడించాకే కాస్టిక్. వాక్యూమ్ వాల్వు ఉంటే అది మడ్డితో మూసుకుపోలేదని కళ్లతో చూసుకోండి.

కాలమ్ మొదలుపెట్టే వరుస

ఆగిన కాలమ్ నిండా గాలి ఉంటుంది. స్టీమ్ ఇచ్చాక స్పిరిట్ ఆవిరి ఆ గాలిని తోస్తూ పైకి వెళుతుంది. ఆ దారిలో ఏదో ఒక సమయంలో మిశ్రమం మండే పాళ్లకు వచ్చే తీరుతుంది. దాన్ని తప్పించలేం. త్వరగా, నిప్పు లేని దారిలో దాటించాలి. అందుకే వరుస ముఖ్యం.

ముందు కండెన్సర్లకు (ఆవిరిని చల్లార్చి ద్రవంగా మార్చేవి), వెంట్ కండెన్సర్‌కు చల్లటి నీళ్లు. పంపు నడుస్తోందని పానెల్ మీద దీపం చూసి సరిపెట్టుకోకండి, నీళ్లు తిరిగి వచ్చే పైపు మీద ప్రవాహాన్ని, వేడిని చూడండి. కూలింగ్ టవర్ జాలీ ఆకులతో మూసుకుపోయి, పంపు మాత్రం హాయిగా తిరుగుతూ ఉండటం ఎండాకాలంలో మామూలే. తర్వాత నీటి సీలులు నిండాయా చూడండి. యు ఆకారపు పైపులో నీళ్లు ఎండిపోయి ఉంటే ఆవిరి నేరుగా గదిలోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత వెంట్ దారి, దాని చివర ఉన్న ఫ్లేమ్ అరెస్టర్ (మంట లోపలికి పోకుండా ఆపే జాలీ). వానాకాలం అయ్యాక పురుగులు, పిట్టలు వాటిని మూసేస్తాయి. ఇవన్నీ అయ్యాకే స్టీమ్, అదీ నెమ్మదిగా.

నీళ్లు ఆగితే స్టీమ్ తనంతట తానే ఆగిపోయే ఇంటర్‌లాక్ ప్రతి కాలమ్‌కూ ఉండాలి. ఉన్నా సరే, అది నిజంగా పని చేస్తుందో లేదో ప్రతి పెద్ద షట్‌డౌన్ తర్వాత పరీక్షించాలి. ఇక్కడే మీకు ఎదురయ్యే పెద్ద తలనొప్పి జంపర్ వైరు. సెన్సర్ ఊరికే మోగుతోందని ఎలక్ట్రీషియన్ ఒక వైరు ముక్కతో దాన్ని తప్పిస్తాడు. ఉత్పత్తి ఆగదు, అందరూ సంతోషం. ఆ వైరు నెలల తరబడి అక్కడే ఉంటుంది. తప్పించిన ప్రతి అలారానికి, ఇంటర్‌లాక్‌కు ఒక రిజిస్టర్ పెట్టండి: ఎవరు, ఎందుకు, ఎప్పటిదాకా, ఈలోగా దాని బదులు ఎవరు కాపలా. గడువు దాటిన వైరు కనబడితే కాలమ్ ఆపే అధికారం షిఫ్టు ఇన్‌ఛార్జికి ఉండాలి. లేకపోతే ఆ అధికారం రాతపూర్వకంగా అడగండి. అడిగినట్టు రికార్డయినా ఉంటుంది.

ఆపేటప్పుడు వేరే భయం. స్టీమ్ ఒక్కసారిగా కట్టేసి చల్లటి వాష్ తోస్తే లోపలి ఆవిరి కుదించుకుపోయి శూన్యం వస్తుంది, కాలమ్ నలిగిపోవచ్చు. వాక్యూమ్ బ్రేకర్ (శూన్యం రాగానే గాలిని లోపలికి వదిలే వాల్వు) ఉన్నదే దీనికోసం. రాగి పాట్ స్టిల్ అయితే మరీ సున్నితం. ఖాళీ చేసే ముందు గాలి వాల్వు తెరవాలి, వేడి తగ్గనివ్వాలి, అప్పుడే కొత్త చార్జి.

శుభ్రమైన స్పిరిట్ మీద ఎక్సైజ్ కన్ను, మేనేజరు కన్ను, అందరి కన్నూ ఉంటుంది. ఇంప్యూర్ స్పిరిట్ (మలినాలు కలిసిన స్పిరిట్) ట్యాంకును, ఫ్యూసెల్ ఆయిల్ (స్పిరిట్‌తో పాటు వచ్చే నూనెలాంటి ఆల్కహాళ్లు) వేరుచేసే డికాంటర్‌ను మాత్రం ఎవరూ పట్టించుకోరు. పొంగి కారే అవకాశం ఎక్కువ ఉన్నవి అవే. ప్రతి షిఫ్టులో వాటి మట్టం మీరే చూడండి.

వెల్డర్ వచ్చిన రోజు

కాంట్రాక్టరు పంపిన వెల్డర్ ఎక్కువగా బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాడు. నిప్పు పనికి ఇచ్చే అనుమతి పత్రం, అంటే పర్మిట్, ఇంగ్లీషులోనో మరాఠీలోనో ఉంటుంది. ఆఫీసులో సంతకం పెట్టించి చేతికిస్తారు. మీరు మాత్రం సంతకం పని జరిగే చోటే పెట్టించండి. పర్మిట్‌లో ఉన్నది అతనికి అర్థమయ్యే హిందీలో చెప్పి, అతని నోటితో తిరిగి చెప్పించండి. తెలుగు హెల్పరుకు తెలుగులో, మరాఠీ ఫిట్టరుకు మరాఠీలో. పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు ఇవ్వలేని పని ఆ రోజుకు అక్కర్లేని పనే.

మండే పదార్థం ఉన్న ట్యాంకును, అది పూర్తిగా తీసేయకుండా వెల్డింగ్ చేయరాదని, కోయరాదని 1948 చట్టం 37వ సెక్షన్ చెప్పింది. "ఖాళీ చేశాం" అంటే సరిపోదు. ఇథనాల్ నీళ్లలో పూర్తిగా కలిసిపోతుంది, అది మనకు కలిసొచ్చే గుణం. ట్యాంకును నీళ్లతో నింపి పొర్లించి, మళ్లీ ఖాళీ చేసి, గాలి ఆడించి, అప్పుడు కొలవండి. మీటరు మీథేన్‌తో సరిచేసినదైతే ఇథనాల్ ఆవిరిని తక్కువ చేసి చూపిస్తుంది. ఇథనాల్‌కు సరిదిద్దే గుణకం ఎంతో దాని పుస్తకంలో చూసి లెక్కలోకి తీసుకోండి. వెల్డింగ్‌కు మీటరు సున్నా చూపించాల్సిందే, కొంచెమే కదా అనవద్దు.

నిప్పురవ్వలు దూరం పోతాయి. చుట్టూ 15 మీటర్ల లోపు కాలువలన్నీ తడి గోనెలతో, మట్టితో మూయించండి. కాలువలో కూడా గ్యాస్ మీటర్ దించండి. పని మధ్యలో భోజనానికి వెళ్లి వస్తే మళ్లీ కొలవాలి. పాత రీడింగుతో పని మొదలుపెట్టనివ్వవద్దు. పని అయిపోయాక కనీసం గంటసేపు ఒక మనిషి అక్కడే కూర్చుని చూడాలి. వెల్డర్‌కు ఇంకో పని ఉందని, షిఫ్టు మారుతోందని ఆ గంటను కోయవద్దు.

స్పిరిట్ ట్యాంకులు, ట్యాంకర్లు, ఎక్సైజ్ తాళాలు

మన దగ్గర స్పిరిట్ ట్యాంకుల వాల్వులకు ఎక్సైజ్ వారి తాళాలు ఉంటాయి. అధికారి తాళంచెవి లేకుండా ఎవరూ తాకరాదు. పన్ను కోసం అది న్యాయమే. అర్ధరాత్రి ట్యాంకు కారుతున్నప్పుడు ఆ తాళంచెవి ఎక్కడుంది? చేరిన మొదటి నెలలోనే ఎక్సైజ్ అధికారితో కూర్చుని, అత్యవసర సమయంలో తాళం ఎవరు, ఎలా తీయాలో రాతపూర్వకంగా తేల్చుకోండి. ఆయన సెలవు మీద ఉన్న రోజు సంగతి కూడా. మనుషులు బయటపడే తలుపులకు మాత్రం ఏ శాఖ తాళమూ ఉండకూడదు.

ట్యాంకర్ నింపేటప్పుడు ఇంజిన్ ఆపి, చక్రాలకు అడ్డుపెట్టి, ముందు ఎర్తింగ్ క్లిప్పు తగిలించి, ఆ తర్వాతే మూత తెరవాలి. తీసేటప్పుడు మూత ముందు, క్లిప్పు చివర. క్లిప్పు రంగు మీద కాదు, గీకిన ఇనుము మీద పట్టాలి. గొట్టం కొస ట్యాంకర్ అడుగుదాకా దించి, ఆ కొస మునిగేదాకా నెమ్మదిగా పోయాలి. పైనుంచి ధారగా పోస్తే స్థిర విద్యుత్తు పుడుతుంది. నిండా నింపవద్దు. ఇథనాల్ 10 డిగ్రీలకు సుమారు 1.1 శాతం వ్యాకోచిస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున నింపిన ట్యాంకర్ మధ్యాహ్నానికి ఎండలో నిలబడితే రెండు శాతం దాకా పొంగవచ్చు.

గేటు బయట వరుసలో ఉన్న డ్రైవర్లు స్టవ్ వెలిగించి రొట్టెలు చేసుకుంటూ ఉంటారు. వారిని తిట్టి ప్రయోజనం లేదు, రాత్రంతా ఆపింది మనమే. ప్లాంటుకు గాలి ఏ వైపు నుంచి వస్తుందో ఆ వైపున, దూరంగా ఒక షెడ్డు, నీళ్ల కుళాయి ఇస్తే స్టవ్‌లు అక్కడికి చేరతాయి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ట్యాంకర్ దారిలో బోల్తా పడితే జనం బిందెలతో వస్తారు. 1875లో డబ్లిన్‌లో విస్కీ గోదాము కాలిపోయి సరుకు వీధుల్లో పారినప్పుడు 13 మంది చనిపోయారు. మంటల్లో కాదు, పారుతున్న విస్కీ తాగి. డ్రైవరుకు ఇచ్చే అత్యవసర కాగితంలో మంట గురించి ఎంత రాస్తారో, జనాన్ని దూరంగా ఆపడం గురించి కూడా అంతే రాయండి.

పీపాల గోదాము ఉంటే

1960 మార్చి 28న గ్లాస్గోలో చీప్‌సైడ్ స్ట్రీట్ విస్కీ గోదాములో మంట రేగింది. పీపాలు పగిలి ఆవిరి పేలి, గోడలు వీధిలోకి కూలి, మంట ఆర్పడానికి వచ్చిన 19 మంది చనిపోయారు. 1996 నవంబరులో అమెరికాలోని కెంటకీలో హెవెన్ హిల్ గోదాముల మంటలో మండుతున్న విస్కీ వాలు వెంట పారి ఒక గోదాము నుంచి ఇంకోదానికి పాకింది, దాదాపు 90,000 పీపాలు పోయాయి. ఈ రెండింటి నుంచీ మీరు పట్టుకోవలసింది నేల వాలు, గోడల నుంచి దూరం. పగిలిన సరుకు ఎటు పారుతుందో వానాకాలంలో నీళ్లు పారే దారి చూస్తే తెలిసిపోతుంది. అది పక్క గోదాముకో, బాయిలర్‌కో, ఊరి కాలువకో పోతుంటే మట్టికట్ట వేయించండి, నిలవగుంట తవ్వించండి. మన ఎండలకు పీపాల నుంచి ఆవిరైపోయేది చల్లటి దేశాల కంటే ఎంతో ఎక్కువ, ఆ ఆవిరి పోయే దారి గోడ పైభాగంలోనే కాదు, నేల దగ్గర కూడా ఉండాలి.

స్పెంట్ వాష్, డ్రయ్యర్

స్పెంట్ వాష్ గుంటల దగ్గర, బయోగ్యాస్ డైజెస్టర్ దగ్గర హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఉన్నట్టే. వాసన ఆగిపోతే పోయిందనుకోవద్దు. 100 పీపీఎం దాటితే ముక్కు మొద్దుబారి వాసన తెలియదు, ప్రాణం మీదికి వచ్చేదీ అక్కడి నుంచే. అక్కడికి వెళ్లేవారి చొక్కాకు మీటరు ఉండాల్సిందే.

పశువుల దాణాగా అమ్మే ఎండు మడ్డి డ్రయ్యర్ కరెంటు పోయి నిండుగా ఉన్నప్పుడే ఆగిపోతే, లోపల మడ్డి నిదానంగా రాజుకుంటుంది. పొగ కనబడగానే తలుపు తెరిస్తే గాలి తగిలి భగ్గుమంటుంది. తలుపులు మూసే ఉంచి, లోపలికి నీళ్లో స్టీమో పంపే పైపును ముందే అమర్చి ఉంచండి.

షిఫ్టు అప్పగింత

రిజిస్టర్‌లో "అంతా మామూలే" అని రాసి ఉంటే దాన్ని ఒప్పుకోకండి. దిగిపోయే ఇన్‌ఛార్జితో కలిసి పది నిమిషాలు నడవండి. ఏ పర్మిట్ తెరిచి ఉంది, ఏ బ్లైండ్ వేసి ఉంది, ఏ అలారం తప్పించి ఉంది, ఏ ట్యాంకు నిండుతోంది, ఈ నాలుగూ ఆయన నోటితో విని, మీ చేతితో రాసుకోండి.

మనుషులను కూడా చూసుకోండి. డిస్టిలరీలో పనివాడు స్పిరిట్ రుచి చూడడని నమ్మేవారు అక్కడ పని చేయనివారే. 1993 నుంచి మద్యనిషేధం ఉన్న గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు నుంచి వచ్చిన తెలుగు కూలీలూ ఉంటారు, వారికి ఈ వింత గురించి చెప్పుకునే జోకులు చాలానే ఉన్నాయి. ఫర్మెంటర్‌లో దిగేవాడిని, ట్యాంకు ఎక్కేవాడిని పనికి ముందు శ్వాస పరీక్ష చేయండి. అందరికీ ఒకే నియమం పెడితే ఎవరూ అవమానంగా తీసుకోరు. మీరూ ఊదండి.

మంట వస్తే పనికొచ్చేవి ముందే సరిచూడండి

స్పిరిట్ మంట పగటి వెలుగులో సరిగా కనబడదు. వేడి తగులుతుంది, గాలి అలలుగా కదులుతుంది, అంతే. దగ్గరికి వెళ్లేవారికి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. మామూలు నురుగు ఇథనాల్ మీద నిలవదు, దానిలోని నీటిని స్పిరిట్ లాగేసుకుంటుంది. ఆల్కహాల్‌ను తట్టుకునే నురుగు ద్రవమే కావాలి. డ్రమ్ము మీది పేరు, గడువు మీరే చదవండి, స్టోర్ కీపర్ చెప్పిందని వదలకండి. నీళ్లతోనే పలచన చేసి ఆర్పుదామంటే 96 శాతాన్ని 20 శాతానికి తేవడానికే దాదాపు నాలుగు రెట్లు నీళ్లు పోయాలి, అదీ ఎండకాలంలో చాలకపోవచ్చు. ఈలోగా ట్యాంకు చుట్టూ ఉన్న కట్ట నిండి మండుతున్న ద్రవం బయటికి పొర్లుతుంది. కట్టలో ఎంత పడుతుందో లెక్క వేసి గోడ మీద రాయించండి.

పెద్ద ఊరి నుంచి ఫైరింజన్ మీ గేటు దాకా రావడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి రాత్రిపూట, ఒకసారి సంత రోజున ఆ దారిలో వెళ్లి కొలవండి. అంతసేపూ మీ దగ్గరున్న నీళ్లు, నురుగు, మనుషులతోనే నెట్టుకు రావాలి. డ్రిల్లు పగటిపూట, అధికారులు వచ్చిన రోజున కాకుండా మూడో షిఫ్టులో తెల్లవారుజామున పెట్టండి. అలారం మోగగానే అందరూ ఎటు పరుగెత్తారో చూడండి. గాలి దిక్కు చూపే సంచి చూసి ఎదురుగాలికి వెళ్లారా, లేక అలవాటైన గేటువైపే వెళ్లారా? తలలు లెక్కపెట్టేటప్పుడు కాంట్రాక్టరు కూలీల పేర్లు, వెయిటింగ్‌లో ఉన్న ట్యాంకర్ డ్రైవర్లు, క్లీనర్లు జాబితాలో ఉన్నారా? సెక్యూరిటీ గేటు రిజిస్టర్‌తో ఆ జాబితా కలవకపోతే, మర్నాడు పొద్దున మొదటి పనిగా ఆ రెండింటినీ ఒకే పుస్తకంగా మార్పించండి.